తొడుగు కింది పన్ను

రూట్ కెనాల్ చికిత్స ముగిశాక దవడ పన్నుకు నొప్పి పోతుంది గానీ, అది ఇక మునుపటి పన్ను కాదు. పుచ్చిన భాగాన్ని తీసేటప్పుడు కొంత, లోపలి నాళాలను చేరడానికి నమిలే ముఖంలో దారి తొలిచేటప్పుడు మరికొంత పదార్థం పోతుంది. ముఖ్యంగా అటూ ఇటూ పక్క పళ్ళను ఆనుకొని ఉండే అంచుగట్లు రెండూ పోయినప్పుడు, మిగిలిన గోడలు కప్పు కూలిన ఇంటి గోడల్లా దేనికది నిలబడి, నమిలిన ప్రతిసారీ కంటికి ఆననంత కొద్దిగా వెలుపలికి వంగి మళ్ళీ లోపలికి వస్తుంటాయి. నరం తీసిన పన్ను ఎండిపోయి పెళుసుబారుతుందన్న నమ్మకం జనంలో పాతుకుపోయింది. నిజానికి తేమ తగ్గడం వల్ల వచ్చే మార్పు స్వల్పమే, అలాంటి పన్ను చీలిపోవడానికి అసలు కారణం అది పోగొట్టుకున్న పదార్థమే. దంతవైద్యులు క్రౌన్ అనీ, జనం క్యాప్ అనీ పిలిచే తొడుగు ఆ గోడలను చుట్టూ బిగించి పట్టి ఒకటిగా పనిచేయిస్తుంది. ఎడ్లబండి చక్రానికి ఇనుప పట్టా చేసే పని ఇదే.

ఆ తొడుగును దేనితో చేయాలన్న ప్రశ్న ఇప్పుడు చాలా దంతవైద్యశాలల్లో ధరల పట్టికగా మారిపోయింది. మెటల్, సెరామిక్, జిర్కోనియా అని నాలుగైదు వరుసలు, వాటికెదురుగా రూపాయలు, వారంటీ ఏళ్ళు కనిపిస్తాయి. ఖరీదైనది గట్టిదనీ, గట్టిదే మంచిదనీ రోగి అనుకుంటాడు. పదార్థశాస్త్రం ఈ అవగాహనను సమర్థించదు. తొడుగుల కోసం గత నూట ముప్పై ఏళ్ళలో వచ్చిన ప్రతి పదార్థమూ ఒక గుణాన్ని సంపాదించడానికి మరో గుణాన్ని వదులుకున్నదే కాబట్టి, అన్నింటికంటే మంచి పదార్థం ఏదన్న ప్రశ్నకు జవాబు ఉండదు. లోపల ఎంత పన్ను మిగిలింది, పైన ఎంత చోటు ఉంది, ఎదుటి దవడలో దానికి తగిలే పన్ను ఎలాంటిది, తొడుగును దేనితో అంటించాలి అన్నవి తేలాకనే పదార్థం పేరు ఎత్తాలి.

తొడుగు దేనికి బదులుగా వస్తుందో ముందు చూడాలి. పన్ను పైపొర అయిన ఎనామెల్ బరువులో సుమారు 96 శాతం ఖనిజమే. శరీరంలో దీనికంటే గట్టి కణజాలం లేదు. దాని కింది డెంటిన్‌లో ఖనిజం 70 శాతం వరకు ఉండి, మిగిలినది కొలాజెన్ అనే ప్రొటీను, నీరు. వంగకుండా నిలిచే గుణాన్ని కొలిస్తే ఎనామెల్ సుమారు 80 గిగాపాస్కల్, డెంటిన్ 18 గిగాపాస్కల్ దగ్గర ఉంటాయి. అంటే గట్టి పెంకు ఒకటి, కాస్త సాగే దిమ్మె మీద పరుచుకొని ఉందన్నమాట. వెనకటి దవడ పళ్ళతో మనిషి బలంగా కొరికితే 500 నుంచి 700 న్యూటన్ల బలం, అనగా 50 నుంచి 70 కిలోల బరువు మోపినంత ఒత్తిడి పడుతుంది. ముందు పళ్ళ దగ్గర అది ఇందులో మూడో వంతుకు మించదు. అన్నం నమలడానికి ఇంత బలం అక్కరలేదు గానీ, వక్క కొరికేటప్పుడో, మూలుగు ఎముకను పగలగొట్టేటప్పుడో, నిద్రలో తెలియకుండా పళ్ళు నూరేటప్పుడో దవడ తన శక్తినంతా వాడుతుంది.

పింగాణి జాతి పదార్థాలు ఈ ఒత్తిడిని ఎలా భరిస్తాయన్నది కొంచెం నిదానంగా అర్థం చేసుకోవలసిన విషయం. వాటిని నొక్కితే అవి చాలా బరువు మోస్తాయి. కానీ లాగినా వంచినా తొందరగా విరుగుతాయి. తొడుగు పైన గింజ పడి నొక్కినప్పుడు దాని అడుగు ముఖం, అనగా పన్నును ఆనుకొని ఉన్న ముఖం, సాగదీతకు లోనవుతుంది; అక్కడ తయారీలో మిగిలిన చిన్న గీటో గాలిబుడగో ఉంటే పగులు అక్కడే పుట్టి పైకి పాకుతుంది. అందుకే సన్నని కడ్డీని రెండు ఆధారాల మీద ఉంచి నడిమిన నొక్కి, అది విరిగే ఒత్తిడిని కొలిచి, దానిని వంపుబలం అంటారు. సాధారణ పింగాణికి ఇది 60 నుంచి 100 మెగాపాస్కల్ మాత్రమే. వంపుబలం ఒక గుణమైతే, పుట్టిన పగులును పాకనివ్వని శక్తి వేరే గుణం. కాఠిన్యం, అంటే గీతపడని గుణం, ఇంకొకటి. వ్యాపార ప్రకటనల్లో ఈ మూడింటినీ కలిపి బలమనే ఒకే మాటతో చెప్పడం వల్ల చాలా గందరగోళం పుడుతోంది.

ఇప్పటి ధరల పట్టికల్లో దాదాపు కనిపించని బంగారం నుంచే ఈ కథ మొదలు పెట్టడం న్యాయం. 1907లో అమెరికా దంతవైద్యుడు విలియం టాగర్ట్ మైనంతో నమూనా చేసి, దాని చుట్టూ మూస పోసి, మైనాన్ని కరిగించి తీసేసి, ఆ ఖాళీలోకి కరిగిన బంగారాన్ని నొక్కి పంపే యంత్రాన్ని వెలుగులోకి తెచ్చాడు. సూత్రం కొత్తది కాదు; ఆదిలాబాద్ డోక్రా శిల్పులు ఇత్తడి బొమ్మలను పోతపోసేదీ ఇదే మైనపు మూస పద్ధతిలో. టాగర్ట్ సాధించినది దానిని పన్నుకు సరిపోయేంత కచ్చితంగా చేయడం. బంగారు మిశ్రమలోహపు తొడుగు అర మిల్లీమీటరు మందంలో కూడా విరగదు కాబట్టి పన్నును తక్కువగా చెక్కితే సరిపోతుంది. ఎనామెల్ కంటే మెత్తన కాబట్టి ఎదుటి పన్నును అరగదీయదు. సాగే గుణం ఉండటం వల్ల పనిముట్టుతో దాని అంచును మెల్లగా రుద్ది, పన్నుకు అతుక్కునేలా సరిచేయడం సాధ్యం. తొడుగులు చెడేది చాలావరకు అంచు దగ్గర ఊరిన పుచ్చు వల్లనే కాబట్టి ఈ చివరి గుణం చిన్నది కాదు. నవ్వితే మెరవడం ఇష్టంలేకపోవడమూ, 1971 తర్వాత బంగారం ధర అంతర్జాతీయంగా డాలరుతో బంధం తెంచుకొని పెరగడమూ దీనిని పక్కకు నెట్టాయి గానీ, నవ్వినా కనబడని చివరి దవడ పన్నుకు దీనిని మించిన తొడుగు ఇంకా రాలేదనే చెప్పాలి. దాని స్థానంలోకి వచ్చిన నికెల్ క్రోమియం మిశ్రమలోహాలు చవకైనవి, గట్టివి. అయితే నికెల్ పడనివారికి, అంటే చవక చెవిపోగులు పెట్టుకుంటే చెవి తమ్మెలు ఎర్రబడి దురదపెట్టేవారికి, నోటిలోనూ అవి ఇబ్బంది కలిగించవచ్చు. అలాంటివారు ఆ సంగతి వైద్యుడితో ముందే చెప్పడం, వైద్యుడు అడిగి తెలుసుకోవడం రెండూ అవసరం. వారికి కోబాల్ట్ క్రోమియం లేదా లోహం లేని తొడుగు తగినది.

పంటి రంగు కోసం తపన కూడా అంతే పాతది. డెట్రాయిట్ దంతవైద్యుడు చార్లెస్ లాండ్ 1880ల చివరలో పల్చని ప్లాటినం రేకును పన్ను నమూనాకు అమర్చి, దాని మీద పింగాణి కాల్చి, జాకెట్ క్రౌన్ అనే పూర్తి పింగాణి తొడుగును రూపొందించాడు. లాండ్ తొడుగు అందమైనదే గానీ దవడ పళ్ళకు చాలినది కాదు. 1962లో వైన్‌స్టీన్ బృందానికి వచ్చిన పేటెంట్లతో, లోహం మీద పింగాణిని కాల్చి అంటించే పద్ధతి స్థిరపడింది. ఇక్కడి చిక్కు ఉష్ణానికి సంబంధించినది. సుమారు 900 డిగ్రీల సెల్సియస్‌లో కాలిన తర్వాత చల్లబడేటప్పుడు లోహమూ పింగాణీ రెండూ ముడుచుకుంటాయి. పింగాణి చాలా తక్కువగా ముడుచుకునే పదార్థం కాబట్టి ఆ తేడాకు అది పెటపెటా పగిలిపోయేది. పింగాణిలో లూసైట్ అనే స్ఫటికాన్ని పెంచితే దాని ముడుచుకునే గుణం లోహం దగ్గరికి వస్తుంది. అయినా లోహం పిసరంత ఎక్కువగా ముడుచుకునేలా ఉంచుతారు. అప్పుడు పైనున్న పింగాణి ఎప్పుడూ నొక్కుడులోనే ఉంటుంది, నొక్కుడులో పింగాణి బలమైనదే కదా.

ఆ పద్ధతి అరవై ఏళ్ళుగా నిలిచింది, ఇప్పటికీ తక్కువ ఖర్చులో నమ్మకంగా పనిచేస్తోంది. దాని లోపాలు రెండు. బూడిద రంగు లోహాన్ని దాచడానికి కాంతిని పోనివ్వని తెల్లని పొర వేసి, ఆ పైన అసలు పింగాణి పరచాలి కాబట్టి మొత్తానికి ఒకటిన్నర మిల్లీమీటర్లకు తగ్గని మందం కావాలి. ఆ చోటు కోసం పన్నును ఎక్కువగా చెక్కాలి. చెక్కడం తగ్గిస్తే తొడుగు ఉబ్బెత్తుగానో, సున్నం కొట్టిన గోడలా జీవంలేకనో ఉంటుంది. రెండోది, కొన్నేళ్ళకు చిగురు కాస్త వెనక్కి తగ్గినప్పుడు తొడుగు మొదలు దగ్గర సన్నని నల్లగీత బయటపడుతుంది. ముందు పళ్ళలో ఈ గీత మనిషిని నోరు మూసుకుని నవ్వేలా చేస్తుంది. దానిని చిన్న సమస్యగా తీసిపారేయడం సరికాదు.

లోహం లేకుండా బలం తేవడానికి ఒక దారి అనుకోకుండా దొరికింది. 1950ల తొలినాళ్ళలో అమెరికాలోని కార్నింగ్ గాజు సంస్థలో రసాయన శాస్త్రజ్ఞుడు డొనాల్డ్ స్టూకీ ఒక గాజుపలకను 600 డిగ్రీల వద్ద వేడిచేయబోతే కొలిమి అదుపు తప్పి 900 డిగ్రీలకు చేరింది. కరిగి ముద్దయి ఉంటుందనుకున్న పలక తెల్లగా మారి ఆకారం చెడకుండా ఉంది, పట్టకారు జారి నేలమీద పడినా పగల్లేదు. గాజు లోపలే స్ఫటికాలు పెరిగి గాజుసెరామిక్ అనే కొత్త కుటుంబం పుట్టింది. ఆ కుటుంబానికి చెందిన లిథియం డైసిలికేట్ 1998లో దంతవైద్యంలోకి వచ్చి, 2005 నుంచి మెరుగైన రూపంలో విస్తృతంగా వాడుకలో ఉంది. సూక్ష్మదర్శినిలో చూస్తే దీనిలో సూదుల్లాంటి స్ఫటికాలు తాటాకు పందిరి మీద ఆకుల్లా ఒకదాని మీదొకటి అడ్డదిడ్డంగా అల్లుకొని, పరిమాణంలో 70 శాతం దాకా ఆక్రమించి, మిగిలిన సందుల్లో గాజు ఉంటుంది. పగులు పాకాలంటే ప్రతి సూది చుట్టూ తిరిగి పోవలసి వస్తుంది. వంపుబలం 400 మెగాపాస్కల్ అటూ ఇటూ. యంత్రంతో చెక్కడానికి తెచ్చే దిమ్మె ఊదా ఛాయ నీలిరంగులో, సగం స్ఫటికీకరణతో, మెత్తగా ఉంటుంది. చెక్కిన తర్వాత సుమారు 840 డిగ్రీల వద్ద కాల్చినప్పుడే అది పంటి రంగుకు, పూర్తి బలానికి వస్తుంది.

దీని అసలు విలువ సందుల్లోని గాజులో ఉంది. హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంతో 20 సెకన్లు తడిపితే తొడుగు లోపలి ముఖంలో ఆ గాజు కొంత కరిగి, సూదులు బయటపడి, ముఖం గరుకు తేలుతుంది. దాని మీద సిలేన్ అనే జోడింపు ద్రవం పూసి రెసిన్ సిమెంటుతో అంటిస్తే, తొడుగూ పన్నూ కలిసి ఒకే దిమ్మెలా పనిచేస్తాయి. ఒకటైనప్పుడు తొడుగు అడుగు ముఖం మీద పడే సాగదీత తగ్గుతుంది. అంటే ఇక్కడ బలంలో పెద్ద వాటా జిగురుది. చుట్టూ ఎనామెల్ మిగిలి ఉండి, పని జరిగేంతసేపూ లాలాజలం, రక్తం తగలకుండా పొడిగా ఉంచగలిగితే ఈ పదార్థం ముందు పళ్ళకూ, వాటి వెనకనున్న ప్రీమోలార్ పళ్ళకూ ఎంతో బాగుంటుంది. పుచ్చు చిగురు లోపలికి దిగిపోయి, రక్తం ఊరుతూనే ఉండే చోట అదే పదార్థం తన బలంలో సగం పోగొట్టుకున్నట్టే.

జిర్కోనియా కథ ఇంకా లోతైనది. విశాఖ దగ్గరి భీమునిపట్నం మొదలు శ్రీకాకుళం తీరం దాకా ఇసుకలో ఇల్మనైట్, గార్నెట్‌లతో పాటు జిర్కాన్ రేణువులు దొరుకుతాయి. హైదరాబాద్‌లోని న్యూక్లియర్ ఫ్యూయెల్ కాంప్లెక్స్ జిర్కాన్ ఇసుక నుంచే అణువిద్యుత్ కేంద్రాలకు కావలసిన జిర్కోనియం లోహాన్ని తయారుచేస్తుంది. ఆ లోహపు ఆక్సైడే జిర్కోనియా. శుద్ధ జిర్కోనియాకు మొండి గుణం ఒకటి ఉంది: 1170 డిగ్రీల పైన ఒక స్ఫటికరూపంలో ఉండి, చల్లబడుతూ ఆ గీత దాటగానే మరో రూపంలోకి మారి 4 శాతానికి పైగా ఉబ్బుతుంది, తన ఉబ్బుకు తానే పగిలి ముక్కలవుతుంది. ప్రతి నూరు అణువుల్లో 3 యిట్రియా అణువులు కలిపితే వేడినాటి రూపం చల్లని గదిలోనూ నిలిచి ఉంటుంది, అయితే అరకొర స్థిమితంతో. పగులు ఒకటి పుట్టి ముందుకు పాకినప్పుడు దాని కొన చుట్టూ ఉన్న స్ఫటికాలు అదను దొరికినట్టు రూపం మార్చుకొని ఉబ్బి, పగులు నోటిని నొక్కి మూసేస్తాయి. నాశనానికి కారణమైన ఉబ్బే రక్షణగా మారింది. 1975లో గార్వీ, హానింక్, పాస్కో అనే ముగ్గురు ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు దీనిని వివరిస్తూ, ఇది సెరామిక్ ఉక్కు కాదా అని తమ వ్యాసం శీర్షికలోనే అడిగారు. వంపుబలం 1000 మెగాపాస్కల్ దగ్గర ఉండే ఈ రకం దవడ పన్ను మీద ముప్పావు మిల్లీమీటరు మందంలో కూడా నిలుస్తుంది.

అంత బలానికి చెల్లించిన మూల్యం కాంతి. ఈ స్ఫటికాలు కాంతిని దిశను బట్టి వేరువేరుగా వంచుతాయి కాబట్టి, కాంతి లోపల చెదిరి తొడుగు సుద్దలా తెల్లగా కనిపిస్తుంది. మొదట్లో దాని మీద పింగాణి పొర పూసేవారు. జిర్కోనియా వేడిని చాలా నెమ్మదిగా వదులుతుంది గనుక, కొలిమి నుంచి తీసి తొందరగా చల్లార్చిన తొడుగుల్లో ఆ పొర పెచ్చులుగా లేచిపోయేది. తర్వాత యిట్రియాను 5 అణువులకు పెంచారు. అప్పుడు ఘనాకార స్ఫటికాలు ఎక్కువై, అవి అన్ని దిశల్లోనూ కాంతిని ఒకేలా వంచడం వల్ల తొడుగు పారభాసకమై పంటిలా కనిపిస్తుంది. అయితే ఘనాకార స్ఫటికం రూపం మార్చుకోదు, పగులును మూసే విద్య దానికి రాదు. వంపుబలం 600 మెగాపాస్కల్ దగ్గరికి పడిపోతుంది. కాబట్టి జిర్కోనియా అన్న ఒక్క పేరు కింద రెండు భిన్నమైన పదార్థాలు అమ్ముడవుతున్నాయి. మొదటిదాని బలమూ రెండోదాని అందమూ కలిపి ఒకే తొడుగుకు ఆపాదించే ప్రకటనలు రోగిని తప్పుదోవ పట్టిస్తాయి. యిట్రియా ఎంత అన్నది అడగదగిన ప్రశ్న, తొడుగు చేసే ల్యాబ్ చెప్పదగిన జవాబు.

కాల్చే విధానమూ పదార్థంలో భాగమే. జిర్కోనియాను సుద్దముక్కలా మెత్తగా ఉన్నప్పుడు, కావలసిన కొలత కంటే సుమారు పాతిక శాతం పెద్దగా చెక్కి, 1500 డిగ్రీల దగ్గర కాలుస్తారు. కాలేటప్పుడు అది కుంచించుకొని పన్ను కొలతకు వస్తుంది. 2001లో ఇదే పదార్థంతో చేసిన తుంటికీలు బంతులు కొన్ని రోగుల శరీరాల్లో అసాధారణంగా విరిగి, మార్కెట్ నుంచి వెనక్కి తీసుకోవలసి వచ్చింది. వాటిని తయారుచేసిన సంస్థ కొలిమి రకాన్ని మార్చడమే అందుకు కారణమని తేలింది. నోటిలోనూ కొలిమి తీరు సరిగ్గా లేని ల్యాబ్ నుంచి వచ్చిన తొడుగు, పేరుకు అదే పదార్థమైనా, అదే తొడుగు కాదు.

ఇక ఎంపిక. వెనకటి దవడ పన్ను పొట్టిగా ఉండి, పైన చోటు తక్కువగా ఉండి, మనిషికి నిద్రలో పళ్ళు నూరే అలవాటు ఉంటే లోహమో, 3 అణువుల యిట్రియా ఉన్న జిర్కోనియానో తగినవి. వాటిని మామూలు సిమెంటుతో కూడా నిలపవచ్చు, ఆమ్లంతో గరుకు చేయాల్సిన పని లేదు, చేయబోయినా జిర్కోనియాలో కరిగే గాజు లేదు. ముందు పన్ను లోపల లోహపు కడ్డీ ఉన్నా, పన్ను నల్లబడినా, పారభాసకమైన తొడుగు గుండా ఆ నలుపు కనబడుతుంది. అక్కడ కాంతిని కొంచెం అడ్డుకునే పదార్థమే అందాన్నిస్తుంది. ఫ్లోరోసిస్ విస్తారంగా ఉన్న నల్గొండ, ప్రకాశం జిల్లాల్లో మరో లెక్క వేయాలి. ఫ్లోరైడ్ ఎక్కిన ఎనామెల్ ఆమ్లానికి త్వరగా లొంగదు కాబట్టి రెసిన్ పట్టు అంతగా రాదు. పైగా గోధుమ మచ్చలున్న పళ్ళ వరుసలో మచ్చలేని తెల్లటి తొడుగు ఒక్కటి పెడితే అదే అందరి కళ్ళలో పడుతుంది. పక్క పళ్ళ ఛాయను, మచ్చలను చూసి తొడుగుకు రంగులద్దించే ఓపిక ఉన్న వైద్యుడు అక్కడ ఏ పదార్థంతోనైనా మంచి ఫలితం తేగలడు.

ఏ పదార్థమైనా కింద పట్టు లేకపోతే నిలవదు. తొడుగు అంచుకు పైన, చుట్టూ కనీసం ఒకటిన్నర నుంచి రెండు మిల్లీమీటర్ల ఎత్తున గట్టి పన్ను మిగలాలి; చక్రానికి పట్టా బిగించేటప్పుడు కింద చెక్క ఉండాలన్నంత మామూలు సంగతి ఇది. అంత పన్ను లేనప్పుడు చిగురును శస్త్రచికిత్సతో కొంత తగ్గించడమో, పన్నును వేరుతో సహా మెల్లగా పైకి లాగడమో చేయాలి, లేదా పన్నును వదులుకోవాలి. అలాంటి చోట ఖరీదైన జిర్కోనియా తొడిగినా రెండేళ్ళకే పన్నుతో సహా చేతికి రావచ్చు.

చివరిగా, ఎదుటి పన్ను. జిర్కోనియా కాఠిన్యం ఎనామెల్ కంటే మూడు రెట్లకు పైగా ఉంటుంది కాబట్టి అది ఎదుటి పన్నును అరగదీస్తుందని చాలామంది భయపడతారు, అది సహజమే. కొలతలు చెప్పేది వేరు: అరగదీతను నిర్ణయించేది కాఠిన్యం కన్నా ఉపరితలపు గరుకుతనం. అద్దంలా మెరుగుపెట్టిన జిర్కోనియా ఎదుటి ఎనామెల్‌ను పింగాణి కంటే తక్కువగా అరగదీస్తుంది. పైన గాజుపూత మాత్రమే పూసి వదిలితే, పూత కొన్ని నెలల్లో అరిగిపోయి కింద గరుకు ముఖం బయటపడుతుంది. తొడుగు అంటించిన రోజు వైద్యుడు పళ్ళ మధ్య పల్చని రంగు కాగితం పెట్టి కొరకమంటాడు. నీలిమచ్చ ముదురుగా పడిన చోట తొడుగు ఎత్తుగా ఉందని అర్థం, అక్కడ బర్ అనే వజ్రపు మొనతో కొద్దిగా గీకుతాడు. గీకిన ఆ చోటు ఇసుక కాగితంలా ఉంటుంది. దానిని ముందు గరుకైన, తర్వాత మెత్తనైన వజ్రపు పొడి రబ్బరు చక్రాలతో ఒకదాని తర్వాత ఒకటిగా తళతళలాడేదాకా రుద్దాలి. ఇందుకు పట్టేది అయిదారు నిమిషాలు, బయట వరండాలో రోగులు ఎంతమంది కూర్చుని ఉన్నా.